పాత యంత్రానికి పునర్జీవం

పాఠ్యభాగ పరిచయం

పాడైన వస్తువును పారవేయడం సులభం. పాడవడానికి కారణమేమిటో కనిపెట్టి బాగుచేయడం విద్య. పాత బుల్లెట్ మోటారు సైకిలు ఇంజనులో దెబ్బతిన్న క్రాంక్ షాఫ్ట్‌ను మార్చే విధానం ద్వారా ఈ వ్యాసం ఆ సత్యాన్ని వివరిస్తుంది.

పాఠ్యభాగం

కుట్టు మిషను తొక్కేవారిని మీరు చూసే ఉంటారు. పాదాల కింది పలక ముందుకూ వెనుకకూ ఊగుతుంది. దానికి తగిలించిన కడ్డీ ఆ ఊపును చక్ర భ్రమణంగా మారుస్తుంది. మోటారు సైకిలు ఇంజనులో ఇటువంటి పనినే నిర్వహించేది క్రాంక్ షాఫ్ట్. ఇంధనం మండగా పుట్టిన పీడనం పిస్టన్‌ను కిందికి నెడుతుంది. ఆ బలాన్ని కనెక్టింగ్ రాడ్ ద్వారా అందుకొని క్రాంక్ షాఫ్ట్ గుండ్రంగా తిరుగుతుంది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో రూపుదిద్దుకొన్నది. 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడడంతో నాటి మద్రాసు దానికి రెండవ పుట్టినిల్లయింది. పోత ఇనుప సిలిండరు గల పాత 350 బుల్లెట్‌లో సిలిండరు వ్యాసం 70 మి.మీ., పిస్టన్ కదిలే దూరం 90 మి.మీ. ఇంజను నిమిషానికి 3,600 చుట్లు తిరిగేటప్పుడు పిస్టన్ ఒక్క సెకనులోనే అరవైమార్లు పైకెక్కి, అరవైమార్లు కిందికి దిగుతుంది. ఆ తాకిడినంతా భరించేది క్రాంక్ పిన్. దానిని కాపాడేది పలుచని నూనె పొర.

ఈ క్రాంక్ షాఫ్ట్ ఒకే లోహఖండం కాదు. రెండు బరువైన ఫ్లైవీళ్లను క్రాంక్ పిన్ కలుపుతుంది. ఆ పిన్నుకూ కనెక్టింగ్ రాడ్‌కూ నడుమ బుష్ నూనెలో తేలుతూ తిరుగుతుంది. నూనె తగ్గినా, మురికిపడినా, పంపు బలహీనపడినా ఆ పొర తెగి లోహాన్ని లోహం ఒరుసుకొంటుంది. అప్పుడు ఇంజను అడుగున గంభీరమైన టకటక శబ్దం పుడుతుంది. వడగట్టిన నూనెలో లోహపు రజను మెరుస్తుంది. సిలిండరు విప్పి రాడ్‌ను పట్టుకొని చూస్తే అది పైకీ కిందికీ ఆడుతుంది. పక్కలకు స్వల్పంగా కదలడం సహజమే. నిలువుగా ఆడడం మాత్రం ప్రమాద సూచన.

ఇంజను విప్పడం బలంతో చేసే పని కాదు. టైమింగ్ పళ్లచక్రాల గుర్తులను ముందుగా నమోదు చేసుకోవాలి. కొన్ని మరలు తలకిందులుగా, అంటే కుడివైపు తిప్పితే వదులయ్యేవిగా ఉంటాయి. ఆ సంగతి ఎరుగక బలం ప్రయోగిస్తే షాఫ్ట్ మరే తెగిపోవచ్చు. ఫ్లైవీళ్లలో పిన్ను కూర్చునే రంధ్రాలు చెడకపోతే కొత్త పిన్ను, బుష్, రాడ్ అమర్చితే చాలు. అవి చెడితే క్రాంక్ షాఫ్ట్‌ను మొత్తంగా మార్చక తప్పదు.

ఫ్లైవీళ్లను కలిపిన తరువాత అసలు పరీక్ష మొదలవుతుంది. రెండువైపుల షాఫ్టులూ ఒకే సరళరేఖపై ఉండాలి. మొత్తం భాగాన్ని లేత్ కేంద్రాల నడుమ నిలిపి, డయల్ గేజి ఆనించి, నెమ్మదిగా తిప్పుతారు. మిల్లీమీటరులో నూరవ వంతుల తేడాను కూడా ముల్లు చూపుతుంది. పనివాడు రాగి సుత్తితో ఫ్లైవీలు అంచును తట్టి, మళ్లీ కొలుస్తాడు. తట్టడం, కొలవడం ఓపికగా సాగవలసిందే.

అయినా పని ముగియలేదు. పాత పిన్ను ఎందుకు అరిగింది? ఈ ప్రశ్నకు సమాధానం దొరకకుండా కొత్త భాగాన్ని బిగిస్తే అది కూడా అదే దారిన పోతుంది. కాబట్టి నూనె మార్గాలన్నింటినీ శుభ్రపరచాలి, పంపులను పరీక్షించాలి, వడపోతను మార్చాలి. పాత రజను రవ్వంత మిగిలినా కొత్త బుష్‌ను గీరివేస్తుంది. ఇంజను బిగించాక స్పార్క్ ప్లగ్ తీసి, నూనె తిరిగి ట్యాంకులోకి చేరడం కంటికి కనబడేవరకు కిక్కు కొట్టాలి. ఆ తరువాతనే ఇంజనును నడిపించాలి. తొలి ప్రయాణాలు తక్కువ వేగంతో, తక్కువ భారంతో సాగాలి.

విరిగిన భాగాన్ని మార్చినవాడు మరమ్మతు చేసినవాడు. విరగడానికి కారణాన్ని తొలగించినవాడే నిజమైన పనివాడు.

కఠిన పదాలకు అర్థాలు

భ్రమణం = గుండ్రంగా తిరగడం
పీడనం = ఒత్తిడి
రజను = పొడి
ఒరుసుకొను = రాసుకొను

ప్రశ్నలు

1. క్రాంక్ షాఫ్ట్ దెబ్బతిన్నదని తెలిపే సూచనలేవి?
2. క్రాంక్ షాఫ్ట్‌కు నూనె పొర ఎందుకు అవసరం?
3. “విరగడానికి కారణాన్ని తొలగించినవాడే నిజమైన పనివాడు.” వ్యాసం ఆధారంగా సమర్థించండి.