ఒక్క బిల్లు వెంట పడు



ఎంబీఏ ప్రాజెక్టుకి పెద్ద కంపెనీ ఏదీ దొరకడం లేదని దిగులుపడుతున్నావని మీ అమ్మ చెప్పింది. దొరక్కపోతే పోనీ. కంపెనీ ముద్ర వేయించిన లెటరు తెచ్చుకుని, సీనియర్ల రిపోర్టులో పేర్లు మార్చి బైండింగు చేయించే పని మాత్రం చెయ్యకు. ఈ రెండేళ్లలో నిజమైన పని నీ కంటపడేది ఆ కొద్ది వారాలే.

హైదరాబాదు జీడిమెట్లలో ఏదైనా చిన్న మెషీన్ షాపులో చేరు. అకౌంట్స్ చూసే ఆయన పక్కన కూర్చుని ఒక్క బిల్లు వెంట పడు. సరుకు ఆటోలో వెళ్తుంది. కొనే కంపెనీ గేటు దగ్గర చలానా మీద స్టాంపు పడాలి, స్టోర్స్ వాళ్లు ఎంట్రీ వెయ్యాలి, క్వాలిటీ వాళ్లు పాస్ చెయ్యాలి. బిల్లు మీద పర్చేజ్ ఆర్డరు నంబరులో ఒక్క అంకె తప్పు పడితే చాలు, కాగితం అక్కడే ఆగిపోతుంది. నెలవారీ రిటర్ను వేసే యూనిటైతే, డబ్బు చేతికి రాకపోయినా ఆ బిల్లు మీది జీఎస్టీ మరుసటి నెల 20లోగా కట్టాల్సిందే.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్ఎంఈడీ) చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా, సరుకు స్వీకరించిన 45 రోజుల్లోగా చిన్న యూనిటుకు డబ్బు ఇవ్వాలి. రాతకోతలేం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. క్లాసులో ఇది రెండు మార్కుల ప్రశ్న. ఆ వడ్డీ ఎప్పుడైనా అడిగారా అని యజమానిని అడిగి చూడు. అడిగితే వచ్చే ఆర్డరు పోతుందేమోనని చాలామంది నోరెత్తరు. మాట చెడకుండా ఆ డబ్బు రాబట్టగలిగే మనిషి కోసమే చిన్న పరిశ్రమలు ఎదురుచూస్తున్నాయి.

ఇదంతా క్లాసులో ఎందుకు దొరకదంటావా? హైదరాబాదులోనే బెల్లా విస్టాలో ఉన్న అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీని 1956లో పెట్టింది అప్పటికే ఉద్యోగాల్లో ఉన్న మేనేజర్ల కోసం. వాళ్లు క్లాసుకి తమ చిక్కులు వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు. డిగ్రీ అవగానే వచ్చి చేరిన మీకు ఆ అవకాశం లేదు. సిలబస్ ఎంత మార్చినా ఆ లోటు తీరదు, ఎవరో ఒకరు మిమ్మల్ని లోపలికి రానివ్వాలి. ఫ్రెషర్లకు ఏమీ రాదని విసుక్కునే పరిశ్రమల వాళ్లే, ఇంటర్న్ వస్తే జిరాక్సులు తీయిస్తారు. నాకు చాలా బాధగా ఉంటుంది.

రిపోర్టుకి ఒక ఏడాది బిల్లులు తీసుకో. 45 రోజులు దాటినవి ఏవి, ఒక్కొక్కటి ఎవరి బల్ల మీద ఆగింది, అంతే రాయి. ఒక కాపీ యజమానికివ్వు. కంపెనీల పేర్లు తీసేసి ఇంకోటి కాలేజీకివ్వు. జీడిమెట్లలో తెలిసినవాళ్లతో నేను మాట్లాడతాను. ఆదివారంలోగా ఫోన్ చెయ్యి, ఈలోగా టాలీ సాఫ్ట్‌వేర్ నేర్చుకో.

నీ మామయ్య