తప్పంతా మంచుది కాదు
సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: తుపాను గాలికి మా తోటలో కొబ్బరిచెట్లు పడలేదండి, మట్టలు మాత్రం విరిగాయి. ధనుర్మాసం మంచు మొదలయ్యాక రెండు చెట్లకి నడిమి ఆకు పాలిపోయి వాలిపోయింది. మంచు దెబ్బే అంటున్నారు. మొవ్వు మీద గడ్డి కప్పమంటారా?
– రాజోలు దగ్గర ఒక రైతు

జవాబు: గడ్డి కప్పకండి. తడి ఇంకా నిలిచిపోతుంది. ముందు చెట్టెక్కించి మొవ్వు చూడండి. వాలిన ఆకును మెల్లగా లాగితే ఊడొచ్చి, అడుగున కుళ్ళు వాసన కొడుతుంటే అది మొవ్వుకుళ్ళు తెగులే. మన కోనసీమలో పడే చలికి కొబ్బరి చావదు. ఆ తెగులు తెచ్చే ఫైటోఫ్తోరా శిలీంద్రానికి మాత్రం 18 నుంచి 24 డిగ్రీల చల్లదనం, ఆకుల సందుల్లో ఆరని తడి బాగా కలిసొస్తాయి. పొద్దెక్కినా ఆరని మంచు ఆ తడిని ఇస్తుంది. గాలికి నలిగిన మొవ్వు, కొమ్ముపురుగు తొలిచిన మొవ్వు దానికి సులువుగా లొంగుతాయి. మనకు పెద్ద తుపాన్లు చలికి కాస్త ముందే వస్తాయి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తోటల్ని నేలమట్టం చేసిన తుపానూ అలాంటిదే. అందుకే గాలి తగ్గగానే పడిన చెట్లతో పాటు నిలబడ్డ చెట్ల మొవ్వులు కూడా చూసుకోవాలి. చాలా తోటల్లో ఈ పనే వెనకబడుతోంది.

కొబ్బరికి ఉన్నది ఒక్కటే మొవ్వు. అది పూర్తిగా పోతే పక్కనుంచి పిలక వేసి బతికే దారి లేదు. కాబట్టి ఆలస్యం చేయకండి. కుళ్ళిందంతా మంచి కండ కనపడేదాకా కోసేసి బోర్డో పేస్టు పట్టించండి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్ళలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో విడివిడిగా కరిగించి కలిపితే పేస్టు సిద్ధం. ఇనుప పాత్ర వాడకండి. పూశాక వాన పడకుండా, గాలి ఆడేలా పైన కప్పు ఉంచి, కొత్త ఆకు వచ్చేదాకా కదపకండి. చుట్టుపక్కల చెట్ల మొవ్వుల్లో ఒక శాతం బోర్డో మిశ్రమం పోయండి: వంద లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. కలిపిన మిశ్రమంలో చాకు ముంచి తీస్తే ఎర్రటి పూత పట్టిందా, సున్నం చాలలేదన్నమాట. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడేయండి. చనిపోయిన చెట్టు మొవ్వు కోసి తగలబెట్టండి. బోదెలు పూడిపోయి ఉంటే తీయించండి, నీరు నిలవకూడదు. అనుమానం మిగిలితే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో చూపించండి.

ప్రశ్న: పొగమంచుకి మామిడి పూత నల్లబడి రాలిపోతోంది.
– కొత్తపేట

జవాబు: నల్లబడటానికి కారణం పొగమంచు ఒక్కటే కాదు. ఆకులు జిగురుగా ఉంటే తేనెమంచు పురుగు పని. అది వదిలే తీపి జిగురు మీదే నల్ల బూజు పడుతుంది. పూత మీద తెల్లటి పొడి ఉంటే బూడిద తెగులు. దానికి నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు చల్లండి. పురుగుమందు మాత్రం పూత విచ్చకముందే కొట్టాలి. పువ్వు నిండుగా విచ్చాక కొడితే పరాగం మోసే ఈగలు, తేనెటీగలు చచ్చిపోతాయి, ఆ నష్టం మంచు చేసే దానికంటే పెద్దది. పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా నీళ్ళు పెట్టకండి.

ప్రశ్న: మా పెరట్లో మల్లెపొద చలికి వాడిపోయిందండి. రోజూ నీళ్ళు పోస్తున్నా తేరుకోవడం లేదు.
– ఒక గృహిణి, అమలాపురం

జవాబు: నీళ్ళు ఆపండమ్మా. మల్లెకిది విశ్రాంతి కాలం. కొన్నాళ్ళు ఎండగట్టి, మోకాలెత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకులు దూసేయండి. తర్వాత మాగిన పశువుల ఎరువు వేసి నీళ్ళు మొదలుపెడితే కొత్త చిగురుతో పాటు మొగ్గలూ వస్తాయి. కత్తిరించకుండా వదిలేస్తే పొద గుబురుగా ఉంటుంది గానీ పూలు తగ్గుతాయి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్న మా అమ్మాయికి ఇక్కడి గింజలతో కరివేపాకు మొలిపించి ఇచ్చాం. కుండీలో బాగా పెరిగింది. అక్కడి చలికి ఏం చేయాలండి?
– ముమ్మిడివరం

జవాబు: మన దగ్గర చలి చంపదన్న మాట అక్కడ చెల్లదు. డల్లాస్‌లో 2021 ఫిబ్రవరి 16న ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల దాకా పడిపోయింది. ఆ చలిలో బయట ఉంచిన కరివేపాకు బతకదు, ఎన్ని దుప్పట్లు కప్పినా ఫలితం ఉండదు. రాత్రి చలి 10 డిగ్రీల దగ్గరికి వస్తోందనగానే కుండీని లోపలికి తెచ్చి, దక్షిణం కిటికీ దగ్గర పెట్టమనండి. వేడిగాలి వచ్చే గొట్టాలకు దూరంగా ఉంచాలి.

లోపల ఆకులు పసుపెక్కి రాలిపోతాయి, ఒక్కోసారి మోడే మిగులుతుంది. అమ్మాయి కంగారుపడి నీళ్ళు ఎక్కువ పోస్తుందేమో, వద్దని గట్టిగా చెప్పండి. కుండీలో మొక్క చలికంటే వేరు కుళ్ళితేనే ఎక్కువ పోతుంది. పైమట్టి ఆరాకే కొంచెం పోయాలి, ఎరువు అసలు వద్దు. గోటితో బెరడు కొద్దిగా గీకి చూస్తే కింద పచ్చగా ఉందా, మొక్క బతికే ఉంది. వసంతంలో రాత్రులు వెచ్చబడ్డాక బయట పెట్టొచ్చు గానీ, మొదటి వారం నీడలోనే ఉంచమనండి. ఒకేసారి ఎండలో పెడితే వచ్చిన లేత చిగురు మాడిపోతుంది.