తొట్టెల వేడుక లోపే ఆ పరీక్ష

ప్రశ్న: మా చెల్లెకు ఎనిమిదో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల, 1,600 గ్రాములు. పుట్టిన గంటలోపే పసిపిల్లల ఐసీయూలో పెట్టారు. ఒంటి మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలున్నాయి, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నాయి, కామెర్లు తగ్గడం లేదు. ‘సీఎంవీ’ అనే వైరస్ కావచ్చు, మూత్రం పరీక్షకు పంపుదామని డాక్టర్లు అంటున్నారు. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. ఇప్పటికే చాలా ఖర్చయింది. ఈ పరీక్ష ఇంటికొచ్చాక నిదానంగా చేయించవచ్చా? గ్రహణం నాడు బయట తిరిగినందుకే ఇట్లయిందని అత్తగారింట్లో చెల్లెను అంటున్నారు. పాలు పడితే బిడ్డకు ఇంకా ఎక్కువవుతుందా?
– ఒక సోదరుడు, రామన్నపేట

జవాబు: ఈ పరీక్షను వాయిదా వేయకండి. మన వైపు చాలా ఇళ్లలో ఇరవై ఒకటో రోజున బిడ్డను తొట్టెలలో వేసి పేరు పెడతారు. ఆ రోజు లోపే మీ మేనకోడలి మూత్రం సేకరించాలి. మీ చేతిలో ఇంకా పన్నెండు రోజులున్నాయి. కానీ రేపటిదాకా కూడా ఆగవద్దని నా సలహా.

సీఎంవీ అంటే సైటోమెగాలో వైరస్. తల్లి కడుపులో ఉండగానే బిడ్డకు సోకే వైరస్‌లలో ప్రపంచమంతటా ఎక్కువగా కనిపించేది ఇదే. ఇది పట్టిన కణం ఉబ్బి, సూక్ష్మదర్శినిలో గుడ్లగూబ కన్నులా కనబడుతుంది. ఇలా పుట్టిన వంద మందిలో సుమారు పది మందికే పుట్టగానే లక్షణాలుంటాయి: తక్కువ బరువు, చిన్న తల, చర్మం మీద ఎర్ర చుక్కలు, తగ్గని కామెర్లు, పెరిగిన కాలేయం, ప్లీహం. మీరు రాసినవాటిలో కొన్ని ఇందులో ఉన్నాయి. అయితే నెలలు నిండకపోయినా, రక్తంలో ఇన్ఫెక్షన్ చేరినా ఇవే కనిపించవచ్చు. చూసి చెప్పలేం కాబట్టే పరీక్ష కావాలి.

ఇరవై ఒక్క రోజుల లెక్క ఎందుకంటే, ఈ వైరస్ పుట్టాక కూడా సోకుతుంది. కాన్పు సమయంలో, తల్లిపాలతో, ఒక్కోసారి ఎక్కించిన రక్తంతో లోపలికి వెళ్తుంది. అలా వెళ్లినది మూత్రంలో కనిపించడానికి సాధారణంగా మూడు వారాలు దాటుతుంది. అందుకే మూడు వారాల లోపు మూత్రంలో దొరికితే అది కడుపులోనే వచ్చిందని గట్టిగా చెప్పగలం. ఆ తర్వాత దొరికితే తేల్చుకోవడం చాలా కష్టం.

ఆ కష్టం ఎలాంటిదో నాకు తెలుసు. ఏడాది దాటిన కొడుకును ఎత్తుకుని ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. వెనకాల స్టీలు గిన్నె కిందపడ్డా పిల్లాడు తిరిగి చూడడం లేదని చెప్పింది. ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా దాచిన డిశ్చార్జి కాగితం తీసి ఇచ్చింది. అందులో ‘ప్లేట్‌లెట్లు తక్కువ’ అని ఉంది. సీఎంవీ పరీక్ష మాత్రం లేదు. అప్పుడు చేయిస్తే మూత్రంలో వైరస్ దొరికింది. అది కడుపులోనే వచ్చిందా, తర్వాత సోకిందా అని ఆమె అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను. మీ చెల్లెలికి ఆ పరిస్థితి రాకూడదు.

ఈ పరీక్షకు సూది గుచ్చే పని లేదు. బిడ్డను శుభ్రం చేసి, అతుక్కునే చిన్న సంచి పెడతారు. లేదంటే డైపర్‌లో దూది ఉంచి, అది తడిశాక మూత్రాన్ని సిరంజితో పిండి తీస్తారు. ఒకటి రెండు మిల్లీలీటర్లు చాలు. దాన్ని పీసీఆర్ పద్ధతిలో పరీక్షిస్తారు. బుగ్గ లోపల పుల్లతో తీసిన లాలాజలంతోనూ చేయవచ్చు, కాకపోతే పాలు తాగిన గంట తర్వాతే తీయాలి. తల్లిపాలలోనూ ఈ వైరస్ ఉండవచ్చు కనుక, లాలాజలంలో ‘ఉంది’ అని వస్తే మూత్రంతో మళ్లీ నిర్ధారించుకోవాలి. మీ ఆస్పత్రిలో పీసీఆర్ లేకపోతే బిడ్డను కదిలించనక్కర్లేదు. చల్లదనం పోకుండా సీసాను ల్యాబ్‌కు చేరిస్తే సరిపోతుంది. ఈ వయసులో పసిబిడ్డ రక్తంలో యాంటీబాడీలు చూసే ‘టార్చ్’ పరీక్ష దీనికి బదులు కాదు. అందులో కనిపించే ఐజీజీ అనే యాంటీబాడీ చాలావరకు మాయ ద్వారా తల్లి నుంచి వచ్చినదే.

వైరస్ ఉందని తేలితే మాడు మీదుగా తల స్కానింగ్, కంటి లోపలి పొర పరీక్ష, కాలేయం పరీక్షలు, వినికిడి కోసం ‘బెరా’ పరీక్ష చేయిస్తారు. వ్యాధి తీవ్రతను బట్టి వాల్‌గాన్‌సైక్లోవిర్ అనే నోటి మందు ఆరు నెలలు వాడతారు. నోటితో ఇవ్వలేని స్థితిలో గాన్‌సైక్లోవిర్‌ను నరం ద్వారా ఇస్తారు. లక్షణాలతో పుట్టిన పిల్లలకు ఆరు వారాల కంటే ఆరు నెలలు ఇస్తే రెండేళ్ల వయసులో వినికిడి, ఎదుగుదల కొంత మెరుగ్గా ఉన్నాయని 2015లో వెలువడిన అధ్యయనం చూపింది. మొదటి నెలలోనే మొదలుపెట్టడం మంచిది. ఈ మందుతో తెల్ల రక్తకణాలు తగ్గవచ్చు కాబట్టి తరచూ రక్తపరీక్ష తప్పదు. ఇదంతా పిల్లల డాక్టర్ల కనుసన్నల్లోనే జరగాలి.

మూత్రంలో వైరస్ లేదని వచ్చినా ఖర్చు వృథా అయిందనుకోకండి. డాక్టర్లు ఆ అనుమానం వదిలేసి అసలు కారణం వెతుకుతారు.

ఇక గ్రహణం మాట. ఈ వైరస్‌కూ గ్రహణానికీ ఏ సంబంధమూ లేదు. మన దేశంలో ఆడవాళ్లలో అత్యధికులకు ఇది చిన్నతనంలోనే, జలుబులాగా తెలియకుండా వచ్చిపోయి ఉంటుంది. ఒంట్లో నిద్రపోతున్న ఆ వైరస్ గర్భంతో ఉన్నప్పుడు మేల్కోవచ్చు, లేదా అందులోనే ఇంకో రకం సోకవచ్చు. మీ చెల్లెలి తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు. ఈ పేజీని ఆమె అత్తగారికి చదివి వినిపించండి.

పాలు తప్పకుండా పట్టమనండి. కడుపులోనే సోకిన బిడ్డకు పాలతో కొత్తగా వచ్చే నష్టం లేదు. 1,500 గ్రాముల కంటే తక్కువ బరువుతో, మరీ నెలలు తక్కువగా పుట్టినవాళ్లకు పాల ద్వారా సోకితే ఇబ్బంది కావచ్చు. వాళ్ల విషయంలో కూడా తల్లిపాల మేలే ఎక్కువ, ఐసీయూ డాక్టర్లు చూసుకుంటారు. తల్లి గుండెకు హత్తుకునే కంగారూ సంరక్షణనూ మానవద్దు.

ప్రశ్న: నాకు ఐదో నెల. టార్చ్ పరీక్షలో సీఎంవీ ఐజీజీ పాజిటివ్ వచ్చింది. బిడ్డకు ప్రమాదమా? ఇంట్లో రెండేళ్ల బాబున్నాడు.
– ఒక సోదరి, చౌటుప్పల్

జవాబు: ఐజీజీ ఒక్కటే పాజిటివ్ అయితే, మీకు ఎప్పుడో ఈ వైరస్ వచ్చిందని మాత్రమే అర్థం. భయపడవద్దు. ఐజీఎం అనే యాంటీబాడీ కూడా పాజిటివ్ అయితే, ఇన్ఫెక్షన్ కొత్తదా పాతదా తేల్చడానికి చేసే అవిడిటీ పరీక్ష గురించి మీ డాక్టరును అడగండి. ఈ వైరస్‌కు ఇంకా టీకా రాలేదు, జాగ్రత్తే మందు. పసిపిల్లల ఉమ్మిలో, మూత్రంలో ఇది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉంటుంది. బాబు సగం తిని వదిలిన ముద్దను పారేయలేక మనమే నోట్లో వేసుకోవడం అమ్మలందరికీ అలవాటు. కాన్పయ్యేదాకా ఆ ఎంగిలి మానండి. ముద్దు పెదవుల మీద కాకుండా నుదుటి మీద పెట్టండి. డైపర్ మార్చాక, ముక్కు తుడిచాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

ప్రశ్న: మా మనవడికి పుట్టగానే సీఎంవీ ఉందన్నారు. చూడ్డానికి ఏ లోపమూ లేదు, వినికిడి పరీక్ష కూడా పాసయ్యాడు. అయినా ఆరు నెలలకోసారి రమ్మంటున్నారు. అవసరమా?
– ఒక తాతయ్య, చిట్యాల

జవాబు: చాలా అవసరం. పుట్టినప్పుడు ఏ లక్షణమూ లేని పిల్లల్లోనూ వందకు పది పదిహేను మందికి ఆ తర్వాత వినికిడి తగ్గవచ్చు. ఒక చెవితో మొదలై, మెల్లగా పెరగవచ్చు. అందుకే కనీసం మూడు నాలుగేళ్లు వచ్చేదాకా ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏటా పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్స కేంద్రాలున్నాయి. మీ ఆశా కార్యకర్తను అడిగితే దారి చూపుతుంది. వినికిడి బాగా తగ్గితే వినికిడి యంత్రం, అదీ చాలకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నాయి. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రిలో ఆ ఆపరేషన్లు జరుగుతున్నాయి. ఎంత తొందరగా పసిగడితే మాటలు అంత బాగా వస్తాయి.

కెనడాలోని ఒంటారియోలో 2019 నుంచి, అమెరికాలోని మిన్నెసోటాలో 2023 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ వైరస్ పరీక్ష చేస్తున్నారు. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేదు. అందువల్ల ఐసీయూలో బిడ్డ ఉన్న ప్రతి కుటుంబమూ ఒక ప్రశ్న గుర్తుంచుకోవాలి: ‘డాక్టర్ గారూ, మా బిడ్డకు సీఎంవీ పరీక్ష అవసరమా?’ ఆ ప్రశ్న తొట్టెల తాళ్లు కట్టేలోపే అడగండి.