జనారోగ్య పరిశోధన: డెల్టా నేర్పిన పాఠం

ఆరోగ్యమే మహాభాగ్యమన్న పెద్దల మాట మనకందరికీ కంఠస్థమే. అయితే ఆ భాగ్యం ఒక ఊరికి దక్కి, పక్క ఊరికి ఎందుకు దక్కడం లేదో విచారించేవారు అరుదు. ఆ విచారణనే వృత్తిగా స్వీకరించినవాడు జనారోగ్య పరిశోధకుడు.

వైద్యుడు తన ఎదుట కూర్చున్న రోగిని పరీక్షిస్తాడు. పరిశోధకుడు ఆసుపత్రి గడప తొక్కనివారిని కూడ లెక్కలోనికి తీసుకొంటాడు. ‘ఈ మనిషికి ఈ జబ్బు ఎందుకు వచ్చినది?’ అన్నది వైద్యుని ప్రశ్న. ‘ఈ జనంలో ఈ జబ్బు ఇంతగా ఎందుకున్నది?’ అన్నది పరిశోధకుని ప్రశ్న. ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలని 1985లో జెఫ్రీ రోజ్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు విశదీకరించారు. డెల్టావాసులకు ఈ భేదం సులభంగా బోధపడుతుంది. ఒక మడిలో నిలిచిన నీటిని తోడివేయడం ఒక పని. ఊరి మురుగు కాలువ పూడిక తీయడం మరొక పని. మొదటిది మానరాదు. కాని రెండవది జరగనిదే మొదటిదానికి అంతముండదు.

పరిసరాలు – వ్యాధులు

పరిసరాల వలన కలిగే వ్యాధికి తెలుగు నేలపై ప్రసిద్ధమైన ఉదాహరణ ఫ్లోరోసిస్. నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెలలో ఈ వ్యాధి ఉన్నదని 1937లో పరిశోధకులు ప్రకటించారు. నల్లగొండ జిల్లా బాధితుల స్థితిని 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించారు. పండ్లపై గారలు, బిగిసిన వెన్నెముకలు, వంగిన కాళ్ళు – వీటన్నిటికీ కారణం తాగే నీటిలో మితిమీరిన ఫ్లోరైడు. ముదిరిన వ్యాధిని మందులతో మరల్చలేము. కాని మంచినీరు అందిస్తే పుట్టబోయే బిడ్డలను కాపాడవచ్చు.

విజయవాడకు సమీపాన ఎ. కొండూరు మండలపు తండాలలో మూత్రపిండాల వ్యాధి ఇటీవలి సంవత్సరాలలో అందరి దృష్టికీ వచ్చినది. ఉద్దానంలో వలెనే అక్కడ కూడ కారణాన్ని అన్వేషిస్తున్నారు. ఏ ఇంట ఎవరికి ఉన్నది, వారు ఏ నీరు తాగినారు, ఏ పని చేసినారు అన్న లెక్క తేలనిదే కారణం తేలదు.

జీవన విధానం – వ్యాధులు

డెల్టా కథ వేరు. 1855 నాటి ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి ఈ నేలను అన్నపూర్ణగా మార్చినవి. గుండెజబ్బు, మధుమేహం పట్టణాలలోని ధనికుల జబ్బులని, పల్లెవాసికి అవి రావని చాలాకాలం అందరూ నమ్మినారు. ఈ నమ్మకాన్ని పరీక్షించినది మన పొరుగున ఉన్న గోదావరి జిల్లాలలో జరిగిన ఒక పరిశోధన.

ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ పేరిట తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలను ఎన్నుకొన్నారు. జనాభా సుమారు 1,80,000. 2004 అక్టోబరుతో ముగిసిన పన్నెండు నెలలలో అక్కడ 1,354 మంది మరణించారు. పల్లెలలో అనేకులు ఇంటివద్దనే కన్నుమూస్తారు. మరణకారణాన్ని వ్రాసిచ్చే వైద్యుడుండడు. కనుక శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఆ ఇండ్లకు వెళ్ళి, ఛాతీలో నొప్పి వచ్చినదా, ఆయాసపడినారా, ఎన్నాళ్ళు మంచం పట్టినారు అని అడిగి వ్రాసుకొన్నారు. ఆ వివరాలను చదివి వైద్యులు కారణాన్ని నిర్ణయించారు.

ఫలితం ఆశ్చర్యకరం. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల వ్యాధుల వలన కలిగినవే. అంటువ్యాధుల వాటా 12 మాత్రమే. ఆ ప్రాంతంలోనే 20 గ్రామాలలో ముప్పై ఏండ్లు నిండినవారిని పరీక్షించగా నూటికి సుమారు 13 మందికి మధుమేహమున్నట్లు తేలినది. ఈ అంకెలను యథాతథంగా కృష్ణా డెల్టాకు అన్వయించరాదు. కాని అదే కాలువ నీరు, అదే వరి అన్నం, అదే పచ్చడి మనవి కూడ. ఆ ప్రశ్న మనకూ వర్తిస్తుంది.

ఉప్పు సంగతి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు ఐదు గ్రాములు మించరాదన్నది. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం ఆంధ్ర ప్రాంతంలో సగటు వాడకం తొమ్మిదిన్నర గ్రాములకు సమీపం. ఆవకాయ, అప్పడం, ఎండుచేప – ఏ ఒక్కటీ విషం కాదు. కాని ఊరందరి రక్తపోటు కొద్దికొద్దిగా పెరిగినప్పుడు, మితిమీరిన పోటు గల కొద్దిమందిలో కంటె, ఏ మందూ వాడని సామాన్యులలోనే ఎక్కువ మరణాలు సంభవిస్తాయి. రోజ్ సిద్ధాంతపు సారమిదే.

ఇక గాలి. 2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విజయవాడ, గుంటూరు చేరినవి. ఊపిరితిత్తుల లోతుకు చొచ్చుకొనిపోయే సూక్ష్మధూళి ఘనమీటరు గాలిలో సంవత్సరపు సగటున 40 మైక్రోగ్రాములు మించరాదని మన దేశపు నియమం. 5 మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. చుట్ట, బీడీ మానడం మన చేతిలోని పని. బెంజి సర్కిల్ వద్ద పీల్చే గాలిని మాత్రం ఎవరూ ఒంటరిగా మార్చుకోలేరు. దానికి నగరమంతా పూనుకోవాలి.

విద్యార్థుల కర్తవ్యం

ఈ శాస్త్రం వైద్య విద్యార్థులకే పరిమితం కాదు. దీనికి గణితం కావాలి, సాంఘిక శాస్త్రం కావాలి, అన్నిటికంటె ముందు భాష కావాలి. ‘గుండెలో మంట’ అని ఒక అవ్వ చెప్పినప్పుడు అది కడుపులోని ఆమ్లమా, గుండెపోటా అని విడదీసి అడగగలగాలి. ఒక ఇంట ‘ఆయాసం’ అన్నది మరొక ఇంట ‘దమ్’ అవుతుంది. ఆ రెండు ఇండ్ల మాటా తెలిసిన తెలుగు, ఉర్దూ విద్యార్థి ఈ పనికి ఎంతో అర్హుడు.

నలభై ఐదేండ్ల తండ్రి పొలంగట్టున కూలిపోతే ‘ఆయుష్షు తీరినది’ అని ఊరుకొంటున్నాము. ఆ మరణం ఏ లెక్కలోనికీ రాదు. లెక్కకు రాని మరణానికి నివారణ కూడ రాదు. ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రక్తపోటు మాత్రలు ఎన్ని అవసరమో ఎవరికీ తెలియదు. మృతుని ఇంట కూర్చుండి, ఓర్పుతో అడిగి, నిజాన్ని వ్రాసుకొనే ఆ మనిషి బ్రతికియున్నవారికి చేసే సేవ అదే.