పెద్ద కంపెనీలు, ఒక్క కమిషన్

ప్రశ్న: ఐరోపాలో డేటా రక్షణ చట్టం అంత కఠినంగా ఉన్నా, బడా టెక్ కంపెనీలపై చర్యలకు ఏళ్లు ఎందుకు పడుతున్నాయి?

జవాబు: 2018 మే 25 నుంచి అమలవుతున్న జీడీపీఆర్, అంటే ఐరోపా సమాఖ్య వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధనావళి, కంపెనీ ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవరులో 4 శాతం దాకా జరిమానా వేసే వీలు కల్పించినా, అమలు యంత్రాంగం దగ్గరే చిక్కు వచ్చిపడింది. కంపెనీకి ఐరోపాలో ప్రధాన కార్యాలయం ఏ దేశంలో ఉంటే ఆ దేశపు నియంత్రణ సంస్థే విచారణకు సారథ్యం వహించాలన్న ఏకగవాక్ష విధానం వల్ల, మెటా, గూగుల్ వంటి సంస్థల కేసులు చాలావరకు ఐర్లాండ్ డేటా రక్షణ కమిషన్ వద్దకే చేరుతున్నాయి.

వినియోగదారుల సమాచారాన్ని ఎలా వాడుతున్నదీ వారికి స్పష్టంగా తెలపలేదన్న వాట్సాప్ కేసులో ఆ కమిషన్ ముసాయిదా తీర్పు 3 నుంచి 5 కోట్ల యూరోల జరిమానాను ప్రతిపాదించగా, ఇతర దేశాల నియంత్రణ సంస్థలు అభ్యంతరం చెప్పి, వాటన్నిటి ఉమ్మడి వేదికైన ఐరోపా డేటా రక్షణ మండలి కలుగజేసుకున్నాకే 2021లో అది 22.5 కోట్లకు పెరిగింది. ఐరోపావాసుల సమాచారాన్ని అమెరికాకు తరలించినందుకు 2023లో మెటాపై పడిన 120 కోట్ల యూరోల జరిమానా సంగతి మరీ విచారకరం. కమిషన్ తొలి ముసాయిదాలో జరిమానా ప్రతిపాదనే లేదు. నియంత్రణ సంస్థల మధ్య ఇలాంటి వాదోపవాదాలతోనే ఏళ్లు గడిచిపోతున్నాయి. ఆపైన అప్పీళ్లు ఉండనే ఉన్నాయి.

సరిహద్దులు దాటే ఇలాంటి కేసులను ఒక్క దేశానికి వదిలేయకుండా ఉమ్మడి మండలికే నేరుగా విచారణాధికారం ఇవ్వాలి.