అడ్వాన్స్‌డ్ డేటాబేస్ పేపరు - బట్టీ పడితే చాలదు

ఎం.సి.ఎ., బి.ఇ. చదివే మన విద్యార్థుల్లో చాలామంది చివరి సంవత్సరాల్లో అడ్వాన్స్‌డ్ డేటాబేస్ పేపరును ఎంచుకుంటారు. ఎస్.క్యు.ఎల్. ఆదేశాలు వస్తే చాలు, గట్టెక్కవచ్చు అనుకుంటారు. అది పొరపాటు. ఆదేశం ఇచ్చిన తరువాత లోపల ఏం జరుగుతుందన్నదే ఈ పేపరులోని అసలు విషయం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకే బ్యాంకులో ట్రస్టు ఖాతా నుంచి విద్యార్థి ఖాతాకు ఉపకార వేతనం రూ. 5,000 మారుస్తున్నారు. ట్రస్టు ఖాతాలో సొమ్ము తగ్గింది. విద్యార్థికి జమ అయ్యేలోపే కరెంటు పోయింది. ఆ 5,000 ఏమైనట్టు?

తీసివేత, జమ రెండూ కలిసి ఒకే ట్రాన్సాక్షన్. జరిగితే రెండూ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. అందుకని డిస్కు మీది పట్టికను మార్చేముందే, చేయబోయే మార్పును లాగ్ అనే చిట్టాలో రాస్తారు. కరెంటు వచ్చాక ఆ చిట్టా చూసి, పూర్తయిన పనులను నిలబెట్టి, సగంలో ఆగినవాటిని రద్దు చేస్తారు. ఈ విధానంలో పేరుపొందిన 'ఏరీస్' వ్యాసం 1992లో వెలువడింది. దాని ముఖ్య రచయిత, అప్పటి ఐ.బి.ఎం. పరిశోధకుడు సి. మోహన్ మద్రాసు ఐ.ఐ.టి.లో చదివినవారు.

రెండో ముఖ్యాంశం ఇండెక్స్. ఇది పుస్తకం చివర ఉండే పదసూచిక వంటిది. ఒక్కొక్క పేజీ నుంచి 200 దారులు చీలితే, మూడు మెట్లలోనే 200×200×200, అంటే 80 లక్షల వరుసల్లో కావలసినదాన్ని పట్టుకోవచ్చు. బి-ట్రీ ప్రశ్నలకు ఈ లెక్కే పునాది.

ఇవన్నీ ఇంట్లోనే చేసి చూడవచ్చు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఉచితం, మామూలు కంప్యూటరు చాలు. రెండు కిటికీలు తెరవండి. మొదటిదానిలో బిగిన్ అని మొదలుపెట్టి ఒక ఖాతా మొత్తాన్ని మార్చండి. రెండోదానిలో పాత మొత్తమే కనబడుతుంది. మొదటిదానిలో కమిట్ ఇచ్చి మళ్ళీ చూడండి, కొత్తది కనబడుతుంది. కమిట్ ఇవ్వకుండా కిటికీ మూసేస్తే ఏమవుతుందో మీరే పరీక్షించండి.

పుస్తకాల్లో సిల్బర్‌షాట్జ్, కోర్త్, సుదర్శన్ రాసినది ముందు చదవండి. వీరిలో సుదర్శన్ బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులు. ఎన్‌పీటెల్ వీడియో పాఠాలు కూడా ఉచితంగా చూడవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి. వేలకు వేలు ఫీజు కట్టి స్వల్పకాలిక కోర్సులో చేర్పించేముందు, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని "కరెంటు పోతే ఆ 5,000 ఏమవుతుంది?" అని తెలుగులో అడగండి. కాలేజీలో ఇంగ్లీషులో విన్న పాఠాన్ని ఇంటి మాటల్లో మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, వారికి పాఠం వచ్చినట్టే. చెప్పలేకపోతే ముందు కావలసింది కొత్త కోర్సు కాదు, ఆ అధ్యాయాన్ని మళ్ళీ చదవడం.