కుందేళ్లకు కోసిన గడ్డి : ఏ దశలో క్షేమము?

ఉర్దూలో కుందేలును ఖర్గోష్ అంటారు. ఇది పారసీక పదము. గాడిద చెవులు గలదని అర్థము. మన తెలంగాణ పల్లెలలో దానినే చెవులపిల్లి అంటారు. ఇరుభాషలవారును చెవులనే చూచి పేరు పెట్టినారు. కుందేలును పెంచదలచినవారు మాత్రము చెవులకంటె ముందు దాని కడుపును గురించి తెలిసికొనవలెను. పొలాలలో తిరుగాడే చెవులపిల్లి వేరు, పంజరాలలో అమ్మే పెంపుడు కుందేలు వేరు. మొదటిది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రిందికి వచ్చును గనుక దానిని పట్టి పెంచరాదు. మేము వ్రాయబోవునది రెండవదానిని గురించియే.

కుందేలు పళ్లు జీవితాంతము పెరుగుచునే ఉండును. ముందరి పళ్లు వారమునకు సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగును. గడ్డిని గంటల తరబడి నమలుటవలననే అవి అరుగును. నమలిన పీచు పెద్దదైన అంధనాళమును చేరగా అక్కడి కోటానుకోట్ల సూక్ష్మజీవులు దానిని పులియబెట్టును. అట్లు తయారైన మెత్తని ఉండలను కుందేలు మరల తినును. క్రొత్తగా పెంచువారు దీనిని చూచి రోగమని భయపడుదురు గాని అది దాని ఆరోగ్య లక్షణమే. అయితే మేత హఠాత్తుగా మారినచో ఆ సూక్ష్మజీవుల సమతూకము చెడి కడుపులో వాయువు నిండును, పేగుల కదలిక ఆగిపోవును. కుందేలుకు వాంతి చేసికొనే శక్తి లేదు. పొరపాటున తిన్నది వెనుకకు వచ్చే దారి లేదన్నమాట.

ఈ కారణముచేత కోసిన గడ్డికి క్షేమకరమైన దశలు రెండే అని మా అభిప్రాయము. ఆనాడే కోసిన పచ్చిగడ్డి ఒకటి, పూర్తిగా ఎండిన గడ్డి మరొకటి. ఈ రెంటి నడిమి దశయే ప్రమాదకరము. కోసిన తరువాతకూడ గడ్డి కొంతసేపు శ్వాసించుచునే ఉండును. దానిని కుప్పవేసినను, మూటకట్టినను లోపల వేడి పుట్టును, బూజు పట్టును. మధ్యాహ్నము కోసిన గడ్డిమూటలో సాయంత్రము చేయి పెట్టి చూచినవారికి ఈ సంగతి తెలియును. సరిగా ఆరని గడ్డివాములు తమంత తామే అంటుకొనుటకుకూడ ఈ వేడియే కారణము. యంత్రముతో కత్తిరించిన పచ్చిక తునకలు మరింత త్వరగా వేడెక్కును గనుక పార్కులలోని ఆ తునకలను కుందేలుకు పెట్టనే రాదు. పొలమునుండి క్రొత్తగా వచ్చిన ఎండుగడ్డి మోపునుకూడ నాలుగైదు వారాలు గాలి తగులుచోట ఉంచి, వేడి, బూజు లేవని చూచిన పిదపనే వాడుట మేలు.

ఖైరతాబాద్, నాంపల్లి వంటి పేటలలో పొలాలు లేవు. గడ్డి ఊరి వెలుపలినుండి మూటలుగా రావలసినదే. అది ఏ నీటితో పెరిగినదో అడిగి తెలిసికొనవలెను. నగరమునకు దిగువన మూసీ వెంబడి మురుగునీటితో పారా గడ్డిని పెంచి పాడిగేదెలకు అమ్మే వాడుక చాలాకాలముగా ఉన్నది. మురుగునీటిలో రోగక్రిములు, పురుగుల గుడ్లు ఉండును. ఆ గడ్డిని కుందేలుకు పెట్టకుండుటయే మంచిది. లేత జొన్న సంగతి మన రైతులకు చెప్పనక్కరలేదు. నాము తిని పశువులు కూలుట వారు కన్నదే. లేత పైరులోను, వానలు లేక వాడిన పైరులోను, కోసిన మోడు చిగుళ్లలోను ఆ విషము హెచ్చు. ఎండబెట్టినచో చాలవరకు తగ్గునన్న మాట నిజమే గాని, పశువునే కూల్చే విషముతో కిలోన్నర ప్రాణిపై ప్రయోగమేల? మూటను విప్పి వయ్యారిభామ మొక్కలను ఏరివేయవలెను. పురుగుమందు చల్లిన గట్ల గడ్డి పనికిరాదు.

మనకు సులభముగా దొరకునది గరిక. ఉర్దూవారు దీనిని దూబ్ అంటారు. 1954 నుండి ఖైరతాబాద్‌లో నిలుపుచున్న వినాయకునికి ప్రీతియైన ఈ గడ్డి కుందేలుకును ప్రీతియే. శుభ్రమైన చోట కోసి, కడిగి, నీరు దులిపి, మొదట గుప్పెడు మాత్రమే పెట్టి, ఏడెనిమిది రోజులలో మెల్లగా పెంచవలెను. లూసర్న్ గడ్డిలో సున్నము హెచ్చు గనుక ఆరు నెలలు దాటిన కుందేలుకు అది నిత్యాహారము కారాదు.

ఇంటిలో ఎండబెట్టదలచినవారు డాబాపై పలుచగా పరచి, రోజుకు రెండుమూడుసార్లు తిరుగవేసి, రాత్రి మంచు తగులకుండ లోపలికి తీయవలెను. వానాకాలములో ఈ ప్రయత్నము వద్దు. కాడను వంచినపుడు వంగక పుటుక్కున విరిగినచో ఎండినట్లు లెక్క. దానిని ప్లాస్టిక్ సంచిలో బిగించక, గోనెసంచిలోనో వెదురుబుట్టలోనో నేలకు ఎత్తుగా ఉంచవలెను. ముక్క వాసన వచ్చినను, దులిపినపుడు బూడిదవంటి దుమ్ము లేచినను పారవేయవలసినదే. ఎండబెట్టినంత మాత్రాన బూజు విరుగుట జరుగదు.

కుందేలు పదిపన్నెండు గంటలు మేత ముట్టకపోయినను, పెంటికలు వేయక మూల నక్కినను తెల్లవారనిమ్మని ఊరకుండరాదు. వెంటనే పశువైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. అది తిన్న గడ్డి గుప్పెడు కాగితములో చుట్టి వెంట తీసికొనిపోయి, ఏనాడు కోసినదో ఆయనకు చెప్పవలెను.